ఆఫ్ చేస్తే వైపర్లు అద్దం మధ్యలోనే ఆగిపోతున్నాయి

ప్రశ్న: సార్, నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను, నా దగ్గర 1972 ఎంజీబీ కారు ఉంది. వైపర్ స్విచ్ విరిగితే మధ్యలో ఆఫ్ ఉండే మామూలు టోగుల్ స్విచ్ పెట్టించా. స్లో, ఫాస్ట్ రెండూ తిరుగుతున్నాయి గానీ ఆఫ్ చేస్తే బ్లేడ్లు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతున్నాయి. మోటార్ మార్చాలంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు

జవాబు: మార్చకండి సార్, డబ్బు దండగ. రెండు స్పీడులూ తిరుగుతున్నాయంటే మోటార్ బాగున్నట్టే, తేడా దాదాపుగా ఆ టోగుల్‌లోనే ఉంది. మీ బండిలో ఉండేది లూకాస్ కంపెనీ 14డబ్ల్యూ వైపర్ మోటార్, దానికి వైర్లు తగిలించే టెర్మినళ్లు అయిదు. 1 ఎర్త్, నల్ల వైరు. 5 స్లో, ఎరుపు మీద లేతాకుపచ్చ గీత. 3 ఫాస్ట్, నీలం మీద అదే గీత. 4కి ఆకుపచ్చ వైరు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ 12 వోల్టులు. 2 పార్కింగ్‌ది, అంటే ఆఫ్ చేశాక బ్లేడ్లను అద్దం అడుక్కి చేర్చి ఆపడానికి, గోధుమరంగు మీద లేతాకుపచ్చ గీత, మీవాళ్లు వదిలేసింది ఇదే అయ్యుంటుంది.

ఒరిజినల్ స్విచ్ ఆఫ్‌లో ఊరికే ఉండదు, 2నీ 5నీ కలుపుతుంది. అప్పుడు 4లో వచ్చే కరెంటు మోటార్ లోపలున్న పార్క్ స్విచ్ మీదుగా మోటార్‌లో స్లో స్పీడుకి కరెంటు అందించే బ్రష్‌కి వెళ్లి బ్లేడ్లు కిందికి దిగేదాకా తిప్పుతుంది, దిగాక ఆ పార్క్ స్విచ్చే 12 వోల్టులు కట్ చేసి 2ని ఎర్త్‌కి కలుపుతుంది, దాంతో మోటార్‌కి బ్రేక్ వేసినట్టయి ఠక్కున ఆగుతుంది. మీ టోగుల్‌కి మధ్యలో ఏ కనెక్షనూ లేదు కదా, ఇంకెలా పార్కవుతుంది!

నమ్మకం కుదరకపోతే టోగుల్ వైర్లు పీకేసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, 2కీ 5కీ మధ్య చిన్న వైరు ముక్క పెట్టి చూడండి. బ్లేడ్లు కిందికొచ్చి ఆగితే స్విచ్ ఒక్కటే మార్చాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే పార్క్ స్విచ్ పోయింది, అసలు కదలకపోతే ముందు 4లో కరెంటు వస్తోందో లేదో చూసుకోండి.

పని అయిపోయింది కదా అని ఆ ముక్క మాత్రం అలాగే వదిలేయకండి, స్లో వేసినప్పుడు బ్లేడ్లు పార్క్ పాయింటుకి వచ్చిన ప్రతిసారీ 12 వోల్టులు నేరుగా ఎర్త్‌కి షార్టవుతాయి. స్లో, ఫాస్ట్ రెండింటికీ ఒకేసారి కరెంటు ఇవ్వడం కూడా వద్దు, లోపల వైండింగ్ వేడెక్కిపోతుంది. అందుకే వేరే టోగుల్‌తో తంటాలు పడకుండా ఒరిజినల్ రకం స్విచ్చే కొనండి.

ఫ్యూజ్ పోయి ఉంటే మార్చేటప్పుడు జాగ్రత్త, పాత లూకాస్ ఫ్యూజ్ మీద 35 అనుంటే అది ఎన్ని ఆంపులకి పేలిపోతుందో చెప్పే లెక్క, ఎప్పుడూ మోయగలిగేది 17 ఆంపులే. దాని బదులు ఇప్పటి 35 ఆంపుల ఫ్యూజ్ పెట్టేరు, వైర్లు కాలాక గానీ అది పోదు.