ప్యూర్ డేటాలో గేమ్‌ప్యాడ్, ట్యాబ్లెట్ సపోర్ట్ మళ్లీ రాస్తున్నారా? ముందు డివైస్‌ని ప్యాచ్ నుంచి విడదీయండి

మీరు అడిగింది ఇదీ: ప్యూర్ డేటాలో (ఆబ్జెక్టులనే డబ్బాల్ని తీగలతో కలిపి ధ్వని తయారుచేసే సాఫ్ట్‌వేర్, పొట్టిగా పీడీ) పాత జాయ్‌స్టిక్‌తో చేసుకున్న ప్యాచ్‌కి, అంటే అలా కలిపి చేసిన ప్రోగ్రామ్‌కి, కొత్త గేమ్‌ప్యాడ్ తగిలించగానే యాక్సిస్‌లన్నీ (స్టిక్, ట్రిగ్గర్ల కదలికని చెప్పే విలువలు) తారుమారయ్యాయి, అందుకని డివైస్‌ని చదివే ఆబ్జెక్ట్‌నే మళ్లీ రాద్దామనుకుంటున్నారు, ఒక్కో రకం డివైస్‌కి ఒక్కో ఆబ్జెక్ట్ ఉండాలా, అన్నిటికీ ఒకటే సరిపోతుందా అని. నేను ఇలాంటిదే మా చిన్న గ్రూప్ కోసం లినక్స్ మీద రాశాను, ఇప్పటికీ కచేరీల్లో దాన్నే వాడుతున్నాం. నా జవాబు: చదివే ఆబ్జెక్ట్ ఒకటే చాలు. కానీ దాని సంగతి మీ మ్యూజిక్ ప్యాచ్‌కి అసలు తెలియకూడదు. కష్టపడాల్సింది అక్కడే.

పీఎస్4 కంట్రోలర్‌నే చూడండి. యూఎస్‌బీ హెచ్ఐడీ (కీబోర్డ్, గేమ్‌ప్యాడ్ లాంటివి కంప్యూటర్‌తో మాట్లాడే ప్రమాణం) లెక్కలో దాని కుడి స్టిక్ జడ్, ఆర్‌జడ్ అనే పేర్లతో వస్తుంది, వెనకున్న రెండు ట్రిగ్గర్లేమో ఆర్ఎక్స్, ఆర్‌వై. ఇప్పటి లినక్స్ డ్రైవర్ వాటిని సర్ది కుడి స్టిక్‌ని ఆర్ఎక్స్, ఆర్‌వైగా, ట్రిగ్గర్లని జడ్, ఆర్‌జడ్‌గా ఇస్తుంది. అంటే పూర్తిగా ఉల్టా. విండోస్‌లో ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ని డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే దారిలో తెరిస్తే రెండు ట్రిగ్గర్లూ కలిసిపోయి ఒకే జడ్ యాక్సిస్ అవుతాయి, ఎక్స్‌ఇన్‌పుట్ అనే దారిలో తెరిస్తే విడివిడిగా వస్తాయి. హ్యాట్ స్విచ్ (దిక్కుల బటన్) సంగతీ అంతే, హెచ్ఐడీలో అది మామూలుగా 0 నుంచి 7 వరకు దిక్కుల నంబరు, లినక్స్‌లో −1, 0, 1 విలువలున్న రెండు యాక్సిస్‌లు. మూడో యాక్సిస్‌ని తీసుకెళ్లి నేరుగా ఫిల్టర్‌కి తీగ కలిపిన ప్యాచ్ ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా విరుగుతుంది.

ఈ తలనొప్పి పాతదే. మిల్లర్ పకెట్ 1990లలో మొదలుపెట్టిన ప్యూర్ డేటా కోర్‌లో మనకు దొరికేది మిడీ (సంగీత పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి), ఇంకా కీ, కీఅప్, కీనేమ్ లాంటి కీబోర్డ్ ఆబ్జెక్టులు, ఆ కీ కూడా పీడీ విండో ఫోకస్‌లో ఉంటేనే పలుకుతుంది. జాయ్‌స్టిక్‌లూ ట్యాబ్లెట్లూ అన్నీ ఎక్స్‌టర్నల్స్ (విడిగా రాసి కలుపుకునే ఆబ్జెక్టులు) దయ. 2000ల మధ్యలో హాన్స్-క్రిస్టోఫ్ స్టైనర్ హిడ్ అనే ఆబ్జెక్ట్‌నీ, దాని చుట్టూ ఒక టూల్‌కిట్‌నీ తెచ్చారు, లినక్స్ పేర్ల పద్ధతినే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ వాడి. మ్యాపింగ్‌కి విడిగా ఆబ్జెక్టులు పెట్టడం అందులో నాకు బాగా నచ్చిన ఆలోచన. చాలామంది హిడ్‌ని మాత్రం తీసుకుని మ్యాపింగ్ భాగాన్ని వదిలేశారు.

నేను పెట్టుకున్న అమరిక ఇది. అడుగున చదివే ఆబ్జెక్ట్, అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) చెప్పింది చెప్పినట్టే బయటికి పంపుతుంది, తన తెలివి ఏమీ వాడదు. దాని మీద డివైస్‌కొక టెక్స్ట్ ఫైల్, ఏ యాక్సిస్ ఏ పని చేయాలో, దాని కనిష్ఠం గరిష్ఠం ఎంతో, తలకిందులుగా తిప్పాలా వద్దా అన్నది ఒక్కో లైన్లో. అక్కడినుంచి ప్యాచ్‌కి చేరేది స్థాయి (ఇక్కడ పిచ్ అని), బలం, మీటు, ఆపు లాంటి మాటలు, 0 నుంచి 1 వరకు ఉండే విలువలతో. డివైస్ మారితే కొత్త ఫైల్ రాస్తాను, ప్యాచ్‌ని ముట్టుకోను. ఇంకో లాభం, డివైస్ చేతిలో లేనప్పుడు అవే మాటల్ని నాలుగు స్లైడర్లతో పంపి ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

ఇక చదివే ఆబ్జెక్ట్ రాసేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి. లినక్స్‌లో విలువ మారితేనే ఈవెంట్ వస్తుంది. ప్యాచ్ తెరిచేసరికి మీ స్లైడర్ మధ్యలో ఉందనుకోండి, ప్యాచ్‌కి ఆ సంగతి తెలియదు, 0 అనుకుని కూర్చుంటుంది, మీరు వేలు పెట్టగానే వాల్యూమ్ ఒక్క ఉదుటున ఎగురుతుంది. అందుకే తెరవగానే ప్రతి యాక్సిస్ ఇప్పుడు ఎక్కడుందో కెర్నెల్‌ని అడిగి పంపాలి, కనిష్ఠ గరిష్ఠాలు కూడా ఆ జవాబులోనే వస్తాయి. కేబుల్ ఊడి మళ్లీ తగిలినప్పుడూ ఇదే పని. ఊడిన క్షణంలో నొక్కి ఉన్న బటన్లన్నిటికీ మీ ఆబ్జెక్టే వదిలినట్టు సందేశం పంపాలి, లేకపోతే ఆ నోటు అలా మోగుతూనే ఉంటుంది, స్టేజీ మీద ఇంతకంటే టెన్షన్ ఇంకోటి లేదు.

ట్యాబ్లెట్ పెన్నుకి ఇంకో చిక్కు ఉంది. ఎక్స్, వై, ఒత్తిడి ఒకదాని వెంట ఒకటి విడి ఈవెంట్లుగా వచ్చి, చివర్లో ఈ గుంపు పూర్తయిందని సింక్ గుర్తు వస్తుంది. ఏది వస్తే అది వెంటనే బయటికి తోసేస్తే పెన్ను ఆనిన క్షణంలో కొత్త ఒత్తిడి పాత స్థానంతో కలిసి, ముందటి స్వరం ముక్క ఒకటి చిన్నగా వినబడుతుంది. సింక్ దాకా పోగేసి, ముందు స్థాయిని, తర్వాత బలాన్ని పంపండి. కీబోర్డ్ అయితే నొక్కితే 1, వదిలితే 0, పట్టుకునే ఉంటే రిపీట్‌గా 2 వస్తుంది, ఆ 2ని పారేయడమే మంచిది.

చాలామంది మోజుపడే ఆటో క్యాలిబ్రేషన్ మాత్రం వద్దనే చెప్తాను. ఇప్పటిదాకా కనిపించిన కనిష్ఠ గరిష్ఠాలని బట్టి 0 నుంచి 1కి సర్దడం డెమోలో ముద్దుగానే ఉంటుంది, కానీ వాయిస్తున్నప్పుడు చెయ్యి కొంచెం దూరం పోగానే కొలత సాగిపోయి, ఇందాక పంచమం పలికిన చోటే ఇప్పుడు ఇంకేదో పలుకుతుంది. చేతికి అలవాటైన చోటు మారకూడదు. పరిధిని ఫైల్లో రాసి స్థిరంగా ఉంచండి. స్మూతింగ్ కూడా చదివే ఆబ్జెక్ట్‌లో పెట్టొద్దు, పిచ్‌కి కావలసినంత మృదుత్వం బటన్‌కి అవసరం లేదు కదా.

గమకాల కోసమే అయితే (మీరు వీణ లాంటి ధ్వని అన్నారు కాబట్టి చెప్తున్నాను) మెట్లు లెక్క వేసుకోండి. మామూలు మిడీ కంట్రోలర్ నాబ్ 128 మెట్లు, దాని మీద ఒక ఆక్టేవ్ మొత్తం (స నుంచి పై స దాకా, 1200 సెంట్లు) పరిస్తే మెట్టుకి 9.4 సెంట్లు పడుతుంది, జారు మెట్లుమెట్లుగా వినబడుతుంది. పీఎస్4 స్టిక్ 256 మెట్లు, అంటే దాదాపు 4.7 సెంట్లు, లైన్ టిల్డాతో (విలువని మెల్లగా జరిపే పీడీ ఆబ్జెక్ట్) 10, 20 మిల్లీసెకన్లు సాగదీస్తే నడుస్తుంది. కానీ స్ప్రింగ్ ఉన్న స్టిక్‌ని ఒక స్వరం మీద నిలబెట్టడమే కష్టం. చిన్న గ్రాఫిక్స్ ట్యాబ్లెట్ కూడా వేల మెట్లిస్తుంది, పెన్ను పెట్టిన చోట నిలుస్తుంది, ఒత్తిడి విడిగా వస్తుంది. నా ఓటు దానికే.

టైమింగ్ గురించి అంత కంగారు అక్కర్లేదు. 44,100 హెర్ట్జ్ దగ్గర పీడీ ఒక్కసారికి లెక్కగట్టే 64 శాంపిళ్ల బ్లాక్ 1.45 మిల్లీసెకన్లు, మామూలు యూఎస్‌బీ మౌస్ 8 మిల్లీసెకన్లకోసారి పలుకుతుంది, కాబట్టి మెట్రోతో (వ్యవధి ప్రకారం తట్టే పీడీ ఆబ్జెక్ట్) మిల్లీసెకనుకోసారి దాన్ని పొడవడం వల్ల వచ్చేదేమీ లేదు. అసలు ప్రమాదం డివైస్‌ని తెరవడం, వెతకడం లాంటి నెమ్మది పనులు ఆడియో నడిచే థ్రెడ్‌లోనే జరగడం, అప్పుడే టకటకమని శబ్దం తెగుతుంది.

అందుకే సీ భాషలో ఎక్స్‌టర్నల్ రాయడం మొదలుపెట్టకముందు ఒకటి చేసి చూడమంటాను. డివైస్‌ని చదివే పనిని పీడీ బయట ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌కి అప్పజెప్పండి, దానికి లినక్స్ డివైస్‌లని చదివే ఎవ్‌డెవ్ లైబ్రరీ ఉంది, ఆ ప్రోగ్రామ్ విలువల్ని యూడీపీ (నెట్‌వర్క్ సందేశాల పద్ధతి) మీద అదే కంప్యూటర్‌లోని నెట్‌రిసీవ్‌కి, అంటే వాటిని అందుకునే పీడీ ఆబ్జెక్ట్‌కి పంపుతుంది. డివైస్ వైపు ఏది కూలినా ఆడియో ఆగదు, రేపు సూపర్‌కొలైడర్ అనే మరో సంగీత సాఫ్ట్‌వేర్‌కి మారినా, పంపే సందేశాల రూపం మారిస్తే అదే ప్రోగ్రామ్ పనికొస్తుంది. మేం చివరికి ఇలాగే స్థిరపడ్డాం.

లినక్స్‌లో డివైస్‌ని ఈవెంట్ నంబర్‌తో తెరవకండి, రీబూట్‌కి అది మారొచ్చు. యూఎస్‌బీ అయితే /dev/input/by-id ఫోల్డర్‌లోని పేరుతో, బ్లూటూత్ అయితే డివైస్ పేరు వెతికి తెరవండి. అనుమతి లేదని ఎర్రర్ వస్తే రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపకుండా మీ యూజర్‌ని ఇన్‌పుట్ గ్రూప్‌లో చేర్చండి, లేదా ఆ ఒక్క డివైస్‌కి అనుమతి ఇచ్చే యూడెవ్ రూల్ రాయండి. మ్యాక్‌లో కీబోర్డ్‌ని ఇలా చదవాలంటే 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఇన్‌పుట్ మానిటరింగ్ అనుమతి ఇవ్వాలి.

మీది ఏ ఆపరేటింగ్ సిస్టమో రాయలేదు. లినక్స్ అయితే ఎవ్‌టెస్ట్ (డివైస్ పంపే ఈవెంట్లని చూపించే ప్రోగ్రామ్) నడిపి, కొత్త గేమ్‌ప్యాడ్‌కి అది చూపించే యాక్సిస్‌ల జాబితా ఇక్కడ పెట్టండి, మ్యాపింగ్ ఫైల్ ఎలా రాయాలో దాని మీదే చూపిస్తాను.