ప్రశ్న కాకపోయినా ‘షుడ్’ ముందుకెందుకు వచ్చింది?

మీరు అడిగింది ఇదీ. బ్యాంకు మెసేజ్‌లో ‘అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ యూ షేర్ యువర్ ఓటీపీ’ అని ఉంది. విజయవాడలో మీరు వెళ్తున్న కోచింగ్‌లో మాత్రం ‘ఇన్ సచ్ సర్కమ్‌స్టాన్సెస్ యూ షుడ్ కాల్ ద బ్యాంక్’ అని రాయించారు. రెండూ ప్రిపొజిషన్‌తోనే మొదలయ్యాయి, రెండింట్లోనూ ‘షుడ్’ ఉంది. మరి ఒకచోట ‘షుడ్ యూ’, ఇంకోచోట ‘యూ షుడ్’ ఎందుకు, రెండింటిలో ఏది తప్పు అని.

రెండూ కరెక్టే. తేడా అంతా ఆ ‘నో’ దగ్గరుంది.

నేను మాస్టార్ని కాను. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో ఈమెయిళ్ళు, కాంట్రాక్టు కాగితాలు రాసే పని నాది. ఆ కాగితాల్లో సగం వాక్యాలు అండర్, ఆఫ్టర్, విత్, వితౌట్‌లతోనే మొదలై, వెనకాలే ఒక మస్ట్‌నో మేనో వేసుకొస్తాయి. కాబట్టి ఉదాహరణలు కూడా ఘాటుగానే ఉంటాయి, సర్దుకోండి.

మామూలుగా అయితే ముందు ప్రిపొజిషన్ ముక్క, తర్వాత కర్త, ఆ తర్వాత మోడల్ (షుడ్, మస్ట్, కెన్, మే, విల్, వుడ్ లాంటి సహాయక క్రియ), చివర అసలు క్రియ. ‘ఆఫ్టర్ ఫ్యూమిగేషన్, ద కంటైనర్ కెన్ బీ సీల్డ్.’ ఇందులో గొడవేమీ లేదు. మొదటి ముక్కే వాక్యం మొత్తాన్ని కాదంటే మాత్రం మోడల్ వెళ్ళి కర్త ముందు నిలబడుతుంది, ప్రశ్నలో నిలబడినట్టే. మా కాగితాల్లో తరచూ కనిపించేది: ‘ఆన్ నో అకౌంట్ మస్ట్ ద బ్యాగ్స్ గెట్ వెట్.’ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎట్టి పరిస్థితుల్లోనూ తడవకూడదు అని. ‘ఓన్లీ’తో మొదలైనా ఇదే పద్ధతి: ‘ఓన్లీ ఆఫ్టర్ ఫుల్ పేమెంట్ విల్ ద డాక్యుమెంట్స్ బీ రిలీజ్డ్.’ అందులోంచి ‘ఓన్లీ’ తీసేస్తే ‘ద డాక్యుమెంట్స్ విల్ బీ రిలీజ్డ్’ అని మళ్ళీ దారిలోకి వస్తుంది. మోడల్, ‘ఈజ్, వజ్’ లాంటివి, సహాయక క్రియగా వచ్చే ‘హ్యావ్’ ఏవీ లేని వాక్యమైతే ‘డూ, డజ్, డిడ్’లలో ఒకటి తెచ్చి పెట్టాలి: ‘ఎట్ నో టైమ్ డిడ్ వీ అగ్రీ.’ మోడల్ ఉంటే ఆ శ్రమ లేదు, అదే కర్త ముందుకు జరుగుతుంది.

‘నో’ కనబడింది కదా అని ప్రతిదాన్నీ తిప్పేయకండి. బ్యాంకు పరీక్షల్లో ఇలాంటి చోటే పట్టుకుంటారు. ‘ఎట్ నో టైమ్ షుడ్ యూ లీవ్ ద కౌంటర్’ సరైనది. ‘ఇన్ నో టైమ్ యూ విల్ లెర్న్ దిస్’ కూడా సరైనదే, అక్కడ తిప్పితే తప్పు. మనకు తెలుగు ఉంది కాబట్టి దీనికి సులువైన పరీక్ష ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకోండి. మొదటిది ‘ఏ సమయంలోనూ కౌంటర్ వదలకూడదు’. కాదనడం క్రియ దాకా వచ్చింది, కాబట్టి తిప్పాలి. రెండోది ‘ఇట్టే నేర్చుకుంటారు’. క్రియ నిక్షేపంగా ఉంది, తిప్పక్కర్లేదు. ‘ఓన్లీ’ వాక్యం ‘డబ్బంతా కట్టాకే ఇస్తాం’ అని వస్తుంది. అంటే కట్టేదాకా ఇవ్వమనేగా! ఈ పరీక్ష మొదటి ముక్కలో ‘నో’, ‘ఓన్లీ’ లాంటివి ఉన్నప్పుడే సుమా. ‘వితౌట్’లో లేదనే అర్థం ఎంత ఉన్నా అది మోడల్‌ని కదిలించదు: ‘వితౌట్ ఎ టెస్ట్ రిపోర్ట్, ద కన్‌సైన్‌మెంట్ కెనాట్ లీవ్.’

ఇంతవరకు మీరడిగినదానికి జవాబు. అయితే నేను చూసినంతలో మనవాళ్ళు ఎక్కువ పొరబడేది ఇక్కడ కాదు, కర్తని మింగేయడంలో. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు రాసే డ్రాఫ్టులు ఇలా ఉంటాయి: ‘ఇన్ కోల్డ్ స్టోరేజ్ కెన్ కీప్ ఫర్ మెనీ మంత్స్’, ‘ఫర్ ఎక్స్‌పోర్టర్స్ కెన్ అప్లై ఆన్‌లైన్’. ఎందుకంటే మనం ‘ఏసీలో చాలా నెలలు ఉంచొచ్చు’ అంటాం. (కోల్డ్ స్టోరేజీని మా దగ్గర ఏసీ అనే అంటారు, రేట్ల పట్టికల్లో కూడా.) ఎవరు ఉంచొచ్చో, దేన్ని ఉంచొచ్చో చెప్పకపోయినా తెలుగు వాక్యం హాయిగా నిలబడుతుంది. ఇంగ్లీషులో ఈ రకం వాక్యంలో మోడల్‌కి ముందు ఒక సీటు ఉంటుంది, అది ఖాళీగా ఉండకూడదు. ఎంత పొడుగు ప్రిపొజిషన్ ముక్క వేసినా ఆ సీటు దానిది కాదు. ‘ఇన్ కోల్డ్ స్టోరేజ్, చిల్లీస్ కెన్ బీ కెప్ట్ ఫర్ మెనీ మంత్స్’ అనాలి. రెండోదానికి ఆ ‘ఫర్’ తీసేస్తే చాలు, ‘ఎక్స్‌పోర్టర్స్’ తనే వచ్చి సీట్లో కూర్చుంటుంది. అసలు కూర్చోబెట్టడానికి మనిషీ వస్తువూ ఏదీ లేకపోతే, కదిలే బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు ఒక ‘ఇట్’నో ‘దేర్’నో వేస్తారు: ‘ఇన్ ద ఈవెనింగ్, దేర్ మే బీ రెయిన్.’

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి, కోచింగుల్లో పెద్దగా పట్టించుకోనిది. మోడల్ ఏ అర్థంలో వచ్చిందో చాలాసార్లు ముందున్న ఆ ప్రిపొజిషన్ ముక్కే చెబుతుంది. ఈ రెండూ చూడండి. ‘అండర్ ద కాంట్రాక్ట్, దిస్ మస్ట్ బీ దిస్ ఇయర్స్ స్టాక్.’ ‘ఫ్రమ్ ద కలర్, దిస్ మస్ట్ బీ లాస్ట్ ఇయర్స్ స్టాక్.’ రెండింట్లోనూ ‘దిస్ మస్ట్ బీ’ ఉంది. మొదటిది కచ్చితంగా ఈ ఏటి సరుకే ఇవ్వాలనే షరతు. రెండోది రంగు చూసి కట్టిన అంచనా: ఇది నిరుటిదే అయ్యుంటుంది. కాంట్రాక్టు, రూలు, చట్టం లాంటివి ముందుంటే మస్ట్ ఆజ్ఞ. రంగు, వాసన, లెక్కలు లాంటి ఆనవాళ్ళు ముందుంటే అది ఊహ.

‘మే నాట్’తో ఇంకా జాగ్రత్త. ‘అండర్ ద రూల్స్, ద కంటైనర్ మే నాట్ లీవ్’ అంటే కదలడానికి వీల్లేదు. ‘ఇన్ దిస్ వెదర్, ద షిప్ మే నాట్ లీవ్’ అంటే బయల్దేరకపోవచ్చు. ముందు ముక్క లేకుండా ఉత్తినే ‘ద కంటైనర్ మే నాట్ లీవ్ ఆన్ ఫ్రైడే’ అని మా ఆఫీసు నుంచి ఒక మెయిల్ వెళ్ళింది. అవతల కొనుగోలుదారు ఫోన్ చేసి, ‘ఎవరు ఆపారు, కస్టమ్స్‌లో ఏమైనా సమస్యా?’ అని ఒకటే టెన్షన్. ఎవరూ ఆపలేదు, యార్డు దగ్గర లారీ దొరకడం ఆలస్యమైందంతే. ‘బికాజ్ ఆఫ్ ఎ లారీ షార్టేజ్’ అని ముందు ఒక ముక్క వేసుంటే ఆ ఫోన్ వచ్చేది కాదు.

ఇదే దారిలో ‘వుడ్’ కూడా. తెలుగులో ‘ఆ రేటుకైతే మాకు నష్టం’ అంటాం చూడండి, ఆ ‘అయితే’ చేసే పని ఇంగ్లీషులో ప్రిపొజిషన్, ‘వుడ్’ కలిసి చేస్తాయి: ‘ఎట్ దట్ ప్రైస్, వీ వుడ్ లూజ్ మనీ.’ ఇక్కడ ‘విల్’ వేస్తే బేరం దాదాపు ఆ రేటుకే ఖాయమైనట్టు వినిపిస్తుంది. ‘వుడ్’ వేస్తే ఆ రేటు ఇంకా మాటల్లోనే ఉందని అర్థం. ‘ఇన్ యువర్ ప్లేస్, ఐ వుడ్ వెయిట్’, ‘బట్ ఫర్ ద రెయిన్, ద లారీ వుడ్ హావ్ రీచ్డ్ చెన్నై బై నౌ’ కూడా ఇలాంటివే. ‘ఇఫ్’ ఎక్కడా కనబడదు, కానీ ‘మీ స్థానంలో నేనుంటే’, ‘వాన పడకపోయుంటే’ అనే షరతు ఆ ముక్కలోనే దాగుంది.

కామా గురించి మీరు అడగలేదు కానీ ఎలాగూ వస్తుంది. పొడుగు ముక్క తర్వాత పెట్టండి, చిన్నదాని తర్వాత మీ ఇష్టం. మోడల్ తిరిగిన వాక్యంలో మాత్రం మొదటి ముక్క తర్వాత కామా పెట్టరు.

ఇంటర్వ్యూలో, మాటల్లో ఈ తిరగేసిన వాక్యాల జోలికి పోకండి. బ్యాంకు నోటీసుకీ కాంట్రాక్టుకీ బాగుంటాయి గానీ మనిషి నోట కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటాయి. ఆ ముక్కని చివరికి పంపి, ‘నో’ని ‘నాట్’, ‘ఎనీ’లుగా విడదీస్తే చాలు: ‘యూ షుడ్ నాట్ షేర్ ఇట్ అండర్ ఎనీ సర్కమ్‌స్టాన్సెస్.’ ‘ఎనీ సర్కమ్‌స్టాన్సెస్’ని మాత్రం మళ్ళీ వాక్యం మొదట్లోకి తెచ్చి ‘అండర్ ఎనీ సర్కమ్‌స్టాన్సెస్ యూ షుడ్ నాట్’ అని రాయకండి. మనకి సహజంగా అనిపించే వరస అదే, పరీక్షలో తప్పుగా ఇచ్చే ఆప్షన్ కూడా తరచుగా అదే.