ఇంట్లో తోడుపెట్టిన పెరుగు రోజూ గట్టిగా, కమ్మగా రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ప్యాకెట్ పాలతో తోడుపెట్టిన పెరుగు ఒకనాడు గడ్డలా పేరుకుని మరునాడు నీళ్ళుగా ఎందుకు వస్తోంది, చలికాలంలో గరిటెతో తీస్తే జిగురుగా తీగలు ఎందుకు సాగుతోంది, అసలు తోడు ఎంత వేయాలి అని అడిగారు. ఈ బాధ పడలేక కొన్న పెరుగుకు మారిపోదామా అనుకుంటున్నానని కూడా రాశారు. దయచేసి మారకండి. దాదాపు పాతికేళ్ళుగా మా ఇంట్లో రోజూ తోడుపెడుతున్నదాన్ని, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ పడినదాన్ని కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను: తోడు కలిపినప్పటి నుంచి పెరుగు పేరుకునే దాకా గిన్నెలో వెచ్చదనం నిలిచిందా, పేరుకున్న వెంటనే దాన్ని చల్లని చోటికి మార్చామా అన్న రెండు విషయాలు చూసుకుంటే మీ కష్టంలో ముప్పాతిక వంతు తీరిపోతుంది.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో పెరిగాను. మా నాయనమ్మ పెరట్లో దాలిగుంట ఉండేది. పొద్దున్నే పితికిన గేదె పాలను కుండలో పోసి, పిడకల నిప్పు మీద పెట్టి, మంట లేవకుండా బూడిద కప్పి సాయంత్రం దాకా అలాగే వదిలేసేది. ఆ పాలు పొంగేవి కావు, సన్నని సెగకు గంటల తరబడి కాగి కాగి లేత ఎరుపు రంగుకు తిరిగేవి, పైన మీగడ మందంగా కట్టేది. రాత్రి తోడుపెట్టి ఉట్టి మీద ఉంచిన కుండను పొద్దున దించి, ఆమె చిల్లుల్లేని చిన్న గరిటెతో ఒక పక్కగా పెరుగు తీసేది. తీసిన చోట గుంట అంచులు కోసినట్టు నిలబడేవి. మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా ఆ గుంటలో నీరు ఊరేది కాదు. నాకు ఇప్పటికీ మంచి పెరుగుకు అదే గుర్తు.

దాలి పాల పెరుగు అంత గట్టిగా ఎందుకు ఉండేదో చాలా కాలం తర్వాత తెలుసుకున్నాను. పాలలో ముఖ్యంగా రెండు తరగతుల ప్రోటీన్లు ఉంటాయి. ఒకటి కేసిన్, రెండోది పాలు విరిగినప్పుడు విరుగుడు నీటిలో మిగిలిపోయే రకం. పాలను 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట సేపు గానీ, 90 నుంచి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు గానీ ఉంచితే ఈ రెండో రకం తన రూపం మార్చుకుని కేసిన్‌కు అతుక్కుంటుంది. అప్పుడు కట్టే పెరుగు నీటిని బాగా పట్టి ఉంచుతుంది. ప్యాకెట్ పాలను పాశ్చరైజ్ చేసేటప్పుడు సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు మాత్రమే ఉంచుతారు. రోగాలు తెచ్చే సూక్ష్మజీవులను చంపడానికి అది చాలు, గట్టి పెరుగుకు చాలదు. అందువల్ల ఒక్క పొంగు రాగానే దించేయకుండా, పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి, అడుగంటకుండా మధ్యమధ్య కలుపుతూ మరో పది నిమిషాలు కాగనివ్వండి. మీరు మార్చుకోవలసిన మొదటి అలవాటు ఇదే. దీనితో కొంత నీరు ఇగిరిపోవడం కూడా కలిసివస్తుంది.

పాల రకం గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. కొవ్వు ఎక్కువగా ఉంటే కమ్మదనం, మీగడ ఎక్కువ వస్తాయి. గట్టిదనం మాత్రం ప్రధానంగా ప్రోటీన్ వల్ల వచ్చేది కాబట్టి టోన్డ్ పాలతో కూడా గడ్డ పెరుగు చక్కగా వస్తుంది. మా ఇంట్లో వాడేది అవే.

ఇక అసలు విషయానికి వస్తాను. పెళ్ళయిన కొత్తలో మేము ఢిల్లీలో కాపురం పెట్టాం. ఊళ్ళో నేర్చుకున్న పద్ధతిలోనే గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి పడుకుంటే, డిసెంబరు నెలలో పొద్దున లేచి మూత తీసేసరికి పాలు పాలలాగే ఉండేవి. తోడు చాలలేదనుకుని మరునాడు మూడు చెంచాలు వేశాను, ఆ మరునాడు అర గరిటె వేశాను. అప్పుడు తోడుకున్నట్టే కనిపించింది గానీ గిన్నె కదిపితే పైన పచ్చని తేట అటూ ఇటూ ఆడేది, నోట్లో పెట్టుకుంటే కమ్మదనం లేని పులుపు తగిలేది. దాదాపు నెల రోజులు అలాంటి పెరుగే తిన్నాం. మా పక్కింటి పంజాబీ పెద్దావిడ ఒకనాడు అది చూసి, తోడు అంత వేయవద్దని, గిన్నెకు గట్టిగా మూత పెట్టి గోధుమపిండి డబ్బాలో సగం దాకా పూడ్చి పెట్టమని చెప్పారు. ఆ రాత్రి ఒక్క చెంచా తోడే వేసి అలాగే చేశాను. పొద్దున పిండి దులిపి గిన్నె బయటకు తీస్తే ఇంకా నులివెచ్చగా ఉంది, పెరుగు మా నాయనమ్మ కుండలో పెరుగులా పేరుకుని ఉంది. అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

దీని వెనుక ఉన్న కారణం తెలిస్తే కొలతలు వాటంతట అవే అర్థమవుతాయి. తోడులో ఉన్న బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాల పీహెచ్ సుమారు 6.7 దగ్గర మొదలై, ఆమ్లం పెరిగేకొద్దీ దిగుతూ, 4.6 దగ్గరకు చేరేసరికి కేసిన్ పూర్తిగా పేరుకుంటుంది. ఈ పని 40 డిగ్రీల చుట్టుపక్కల చురుగ్గా సాగుతుంది, 20 డిగ్రీల దగ్గర నత్తనడక నడుస్తుంది, 50 డిగ్రీలు దాటితే తోడే దెబ్బతింటుంది. చలి రాత్రి స్టీలు గిన్నెలో పోసిన గోరువెచ్చని పాలు గంట గడిచేసరికి చల్లబడిపోతాయి కాబట్టి, అక్కడ ఎంత తోడు వేసినా వెచ్చదనం లేని లోటు తీరదు, వేసిన పెరుగులోని పులుపు మాత్రం పాలలోకి చేరుతుంది.

పాలు ఎంత వేడిగా ఉన్నప్పుడు తోడు వేయాలో తెలుసుకోవడానికి పెద్దవాళ్ళు చిటికెన వేలు ముంచి చూసేవారు. నేను కూడా అలాగే చూసేదాన్ని. కొన్నేళ్ళ క్రితం వంటింటి థర్మామీటరు ఒకటి కొని సరిచూసుకుంటే, నేను గోరువెచ్చన అనుకున్నది ఒకనాడు 36 డిగ్రీలు, చేతులు చల్లగా ఉన్న మరొకనాడు 49 డిగ్రీలు ఉంది. ఒకే పాలు, ఒకే తోడు అయినా మీకు రోజుకో రకంగా వస్తున్నదంటే ఇదే కారణం కావచ్చు. థర్మామీటరు ఉంటే చలికాలంలో 43, మామూలు రోజుల్లో 40 దగ్గర తోడు వేయండి. లేకపోతే శుభ్రంగా కడుక్కున్న వేలిని పాలలో ఉంచి నింపాదిగా పది లెక్కపెట్టండి. వేడి తెలుస్తూ ఉండాలి, వేలు తీసేయాలని మాత్రం అనిపించకూడదు.

తోడు కొలత ఇలా పెట్టుకోవచ్చు. లీటరు పాలకు ఎండాకాలంలో అర టీచెంచా, వానాకాలంలో ఒకటి, చలికాలంలో రెండు వేస్తే సరిపోతుంది. తోడును గడ్డగానే పాలలో జారవిడిస్తే అది అడుగుకు చేరి, అడుగున పులిసి పైన పలుచగా ఉండిపోతుంది. చిన్న గిన్నెలో రెండు చెంచాల పాలు పోసి, తోడును ఉండలు లేకుండా చిలికి, ఆ తర్వాత పాలన్నిటిలో కలపండి. మా అమ్మ అయితే తోడు వేసిన పాలను రెండు గిన్నెల మధ్య నురగ వచ్చేలా మూడు నాలుగు సార్లు తిరగపోసేది. కలపడం పూర్తయ్యాక గిన్నెను కదపకూడదు. పేరుకుందో లేదో చూద్దామని మధ్యలో ఒంచి చూసినా కట్టు విడిపోయి నీరు ఊరుతుంది. మట్టి గిన్నె దొరికితే వాడండి, దాని గోడలు కొంత తేమను పీల్చుకోవడం వల్ల పెరుగు మరింత చిక్కగా వస్తుంది.

ఎండాకాలంలో సమస్య తిరగబడుతుంది. మే నెలలో మన వంటిళ్ళు రాత్రి కూడా వేడిగానే ఉంటాయి కాబట్టి పెరుగు నాలుగైదు గంటల్లో పేరుకుంటుంది. రాత్రి పదింటికి తోడుపెట్టి పొద్దున ఆరింటికి చూస్తే మూడు గంటలు అదనంగా పులిసి ఉంటుంది. అందుకని ఆ కాలంలో నేను సాయంత్రం ఐదింటికి తోడుపెట్టి పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. గిన్నెను కొద్దిగా తాకితే పెరుగంతా ఒక్క ముక్కగా వణికినప్పుడే తీసేయాలి. పూర్తిగా గట్టిపడే దాకా బయటే ఉంచకండి, మిగిలిన గట్టిదనం చల్లదనంలో వస్తుంది.

జిగురు సంగతి వేరు. పాలు తక్కువ వేడి మీద చాలాసేపు తోడుకున్నప్పుడు, తోడులో ఉన్న కొన్ని రకాల బాక్టీరియా జిగట పదార్థాన్ని తయారుచేస్తుంది. మీరు రోజూ అదే పెరుగులోంచి తోడు తీస్తున్నారు కాబట్టి ఆ రకాలే వారం తిరిగేసరికి బలపడిపోతాయి. ఒకసారి మా ఇంట్లో రెండు వారాల పాటు గరిటె ఎత్తితే పెరుగు బెండకాయ జిగురులా మూరెడు పొడవున వేలాడింది. పాలు మార్చాను, పాలు పోసే అబ్బాయిని అనవసరంగా కోప్పడ్డాను, ఫలితం లేకపోయింది. చివరకు ఆ తోడును పూర్తిగా పారేసి, గిన్నెనూ మూతనూ గరిటెనూ మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, ఎదురింటి పిన్నిగారిని అడిగి కొత్త తోడు తెచ్చుకుంటే మరునాటికే బాగైంది. అడగడానికి చీకటి పడక ముందే వెళ్ళండి, దీపాలు పెట్టాక పాలు, పెరుగు ఇవ్వకూడదన్న పట్టింపు చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. చలికాలంలో మీ గిన్నెను దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో గానీ, హాట్‌బాక్సులో గానీ, వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసిన ఓవెన్‌లో గానీ పెడితే జిగురు మళ్ళీ పుట్టదు. అమెరికాలో ఉన్న మా అక్క ఓవెన్ పద్ధతిలోనే ఏళ్ళ తరబడి తోడుపెడుతోంది.

తోడు అడగడానికి ఎవరూ లేని చోట కొన్న పెరుగును నిస్సంకోచంగా తోడుగా వాడవచ్చు. రుచులు కలపనిది, పులియబెట్టిన తర్వాత మళ్ళీ వేడి చేయనిది అయితే చాలు. అదీ దొరకకపోతే తొడిమలున్న పచ్చిమిరపకాయలు నాలుగైదు కడిగి వెచ్చని పాలలో, తొడిమలు మునిగేలా వేసి, పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచితే వదులుగా ఒక పెరుగు తయారవుతుంది. అది తినడానికి బాగుండదు. దానిలోంచి చెంచాడు తీసి రెండోసారి తోడుపెట్టినది బాగుంటుంది. ఆ తర్వాత రోజూ పొద్దున ఎవరూ ఎంగిలి చేయక ముందే, పొడి చెంచాతో గిన్నె మధ్యలోంచి కొద్దిగా తీసి చిన్న డబ్బాలో మూతపెట్టి దాచుకోండి.

ఈ లోపల పులిసిపోయిన పెరుగు పారేయకండి. మజ్జిగ పులుసుకు, పుల్లట్లకు, ఊరమిరపకాయలకు పుల్లటిదే కావాలి. గిన్నెలో పెరుగు సరిగా కుదరడం మొదలయ్యాక తోడన్నం కూడా చేసి చూడండి. రాత్రి మెత్తగా వండిన అన్నాన్ని గోరువెచ్చగా ఉన్నప్పుడే మెదిపి, అన్నం బాగా మునిగేలా పాలు పోసి, అర చెంచా తోడు కలిపి, చీల్చిన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కలు వేసి మూతపెట్టాలి. ఉప్పు పొద్దున కలుపుకోవాలి. కొంచెం కూడా పులుపు లేకుండా, అన్నంలోకి పెరుగు ఇంకిపోయి ఉంటుంది. మా చిన్నప్పుడు దూర ప్రయాణానికి రైలెక్కితే స్టీలు టిఫిన్ గిన్నెలో పాలన్నం తోడుపెట్టి తీసుకెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నానికి తోడుకునేది, మాగాయ టెంక నంజుకుని తినేవాళ్ళం.

ఈ రాత్రి కొత్త తోడుతో, మరిగించిన గిన్నెతో మొదలుపెట్టండి. మూడు రోజుల తర్వాత కూడా తేట ఊరుతూనే ఉంటే, మీరు వాడిన పాల రకం, తోడుపెట్టిన వేళ, ఫ్రిజ్‌లో పెట్టిన వేళ, గిన్నె ఎక్కడ ఉంచారన్నది ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను.