లాన్ గీకేసి కంగారు పడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

గడ్డి అడుగున పేరుకున్న చెత్త పోవాలని లాన్ గీకేసి, పాడైపోయిందేమోనని కంగారుపడి నువ్వు పంపిన ఫొటో చూశాన్రా. మీ అత్తకి చూపిస్తే "కోళ్లు కెలికినట్టుందే" అంది. నిజమే, అలాగే ఉంది. అలా లేకపోతే నువ్వు సరిగా గీకలేదని అనుకునేవాణ్ణి. ఇన్నాళ్లూ పచ్చగా కనపడింది పైపై మెరుపు. కింద మట్టికీ ఆకుకీ మధ్య చచ్చిన కాడలూ పాత వేళ్లూ చాపలా పేరుకుపోయాయి. ఆ చాప మందం అర అంగుళం దాటితే నీళ్లు కిందికి దిగవు, వేళ్లు కూడా మట్టిలోకి పోకుండా ఆ చాపలోనే తిరుగుతుంటాయి. కాబట్టి నువ్వు చేసిన పని తప్పు కాదు. తప్పులన్నీ ఇప్పుడు, తొందరపడి చేసే పనుల్లో వస్తాయి.

ముందు నేల మీద కూర్చుని, గోధుమరంగుకి తిరిగిన కుదురు ఒకటి పట్టుకుని మెల్లగా లాగు. గట్టిగా పట్టుకుని ఉండి, మొదలు దగ్గర తెల్లగానో లేతాకుపచ్చగానో కనిపిస్తే బతికే ఉంది. సులువుగా ఊడి చేతికొచ్చేస్తే ఆ చోటు ఖాళీ అని లెక్క వేసుకో. ఇలా పది చోట్ల చూస్తే నీ టెన్షన్ సగం తగ్గుతుంది.

తర్వాత తేల్చుకోవాల్సింది, నీ గడ్డి పాకే రకమా, కుదురు కట్టే రకమా అన్నది. గరిక, అదే బెర్ముడా, అలాగే జోయిసియా పాకే రకాలు. నేల మీద తీగలు సాగి, కణుపు కణుపుకీ వేరు దింపుతాయి. వీటికి ఎండలు బాగా ఉన్న రోజుల్లో తడి అందితే ఖాళీలు వాటంతట అవే పూడ్చుకుంటాయి, విత్తనం జోలికి పోనక్కర్లేదు. పెరెన్నియల్ రై, టాల్ ఫెస్క్యూ లాంటి చల్లదనం కోరే రకాలు వేరు. అవి ఉన్నచోటే పిలకలు వేస్తాయి తప్ప పక్కకి పెద్దగా పాకవు. వాటికి విత్తనం చల్లాల్సిందే, అదీ ఎండ తీవ్రత తగ్గి నేల ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు.

మిగిలిన చెత్తంతా ఎత్తేశాక, నేల గట్టిపడ్డ చోట్ల తోటపని ఫోర్కు నిలువుగా దించి మూడు నాలుగు అంగుళాల లోతు రంధ్రాలు పెట్టు. ఆ పైన జల్లెడ పట్టిన కంపోస్టు, మీ నేలలాంటి మట్టి కలిపి పలచగా పరుచు. ఎంత పలచగా అంటే 4 మిల్లీమీటర్లు, చదరపు మీటరుకి 4 లీటర్లు సరిపోతుంది. పరిచాక గడ్డి కొసలు బయటికి కనపడాలి. మంచిదే కదా అని మందంగా పోస్తే ఉన్న గడ్డికి ఊపిరాడదు.

విత్తనం వేసేట్టయితే చదరపు మీటరుకి 20 నుంచి 25 గ్రాములు చాలు. సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లు, అప్పుడే చారలు పడవు. చల్లాక దాని మీద నడిచి తొక్కు. విత్తనం మట్టిని అంటుకోకపోతే మొలవదు, మొలిచినా ఎండిపోతుంది. రై అయితే వారం పది రోజుల్లో కనపడుతుంది, ఫెస్క్యూకి రెండు వారాలు పట్టొచ్చు. బ్లూగ్రాస్ అనే ఇంకో చల్లదనపు రకం ఉంటే దాదాపు నెల ఆగాలి. మూడో రోజే మట్టి కెలికి చూడకు!

నీళ్ల విషయంలోనే చాలామంది పాడు చేసుకుంటారు. విత్తనం మొలిచేదాకా పై అంగుళం మట్టిలో తడి ఆరకూడదు, అందుకని రోజుకి రెండు మూడు సార్లు సన్నగా చిలకరించాలి. పైపు వదిలేస్తే విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఓ మూల పోగవుతాయి. మొలక నిలదొక్కుకున్నాక పద్ధతి మార్చు. నేల కాస్త ఆరాకే మళ్లీ తడుపు, కానీ తడిపినప్పుడు నీళ్లు లోతుగా దిగేలా తడుపు. వారానికి మొత్తం అంగుళం నీరు అందితే చాలు. వెడల్పు డబ్బా ఒకటి లాన్‌లో పెడితే ఎంత పడిందో తెలిసిపోతుంది. రోజూ కాస్త కాస్త తడిపితే వేళ్లు పైపైనే ఉండిపోయి మళ్లీ ఆ చాపే తయారవుతుంది.

ఎరువు సంగతి నా అనుభవంతో చెబుతున్నాను. మొదటిసారి లాన్ గీకినప్పుడు త్వరగా పచ్చబడాలని అదే సాయంత్రం యూరియా గుప్పిళ్లతో చల్లాను. రెండు రోజుల్లో గుప్పిట పడిన చోటల్లా అరచేతి వెడల్పున మాడిపోయింది. యూరియాలో 46 శాతం నత్రజని. గాయపడ్డ గడ్డి అంత ఘాటు తట్టుకోలేదు. నువ్వు రెండు మూడు వారాలు ఆగి, కొత్త ఆకు సాగుతోందని రూఢి అయ్యాక, యూరియా చదరపు మీటరుకి 5 గ్రాములు మించకుండా వెయ్యి. 50 చదరపు మీటర్ల లాన్‌కి పావుకిలో. ఆకు పొడిగా ఉన్నప్పుడు సమంగా చల్లి వెంటనే నీళ్లు పెట్టు.

మొదటి కోతకి తొందర వద్దు. కొత్త ఫెస్క్యూ, రై అయితే మూడంగుళాలు పెరగనిచ్చి, పదునైన బ్లేడుతో పైన మూడో వంతు మాత్రం తియ్యి. కోసిన తునకలు అక్కడే వదిలెయ్యొచ్చు. వాటివల్లే చాప పేరుకుంటుందని అనుకుంటారు గానీ, అవి ఎక్కువగా నీరే, త్వరగా కుళ్లిపోతాయి. చాపకి అసలు కారణం అతిగా వేసిన నత్రజని, గట్టిపడ్డ నేల.

కలుపు వస్తుంది, ఖాయం. చేత్తో పీకు. కలుపు మొలవకుండా వేసే మందు ఇప్పుడు వేస్తే నీ గడ్డి విత్తనాన్నీ మొలవనివ్వదు. మామూలు కలుపు మందైనా కనీసం మూడు నాలుగు కోతలు అయ్యాకే.

ఫొటోలో గోడ పక్కన నీడలో నాచు కనపడింది. అక్కడ ఎంత గీకినా, ఎంత విత్తినా నీడా చెమ్మా ఉన్నంతకాలం నాచే గెలుస్తుంది. కొమ్మలు కొన్ని కొట్టి వెలుతురు రానివ్వు. అప్పటికీ గడ్డి పట్టకపోతే ఆ మూల లాన్ ఆశ వదిలేసి నీడకి తట్టుకునే మొక్కలేవైనా పెట్టుకో.

పిల్లల్నీ కుక్కనీ ఓ నెల అటు పోనివ్వకు. ఇరవై రోజుల తర్వాత, నిన్న నిలబడ్డ చోటే నిలబడి ఇంకో ఫొటో తీసి పంపు.

మీ మావయ్య