పాఠకుల ప్రశ్నలు: నాన్న చుక్క ముట్టరు, అయినా తూలుతున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళండి. మందు అలవాటు అస్సలు లేదు. రెండేళ్ళుగా కాళ్ళు ఎడంగా వేసి తూలుతూ నడుస్తున్నారు, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. బజారుకెళ్తే పొద్దున్నే తాగొచ్చాడని నవ్వుతున్నారు, దాంతో బయటికెళ్ళడమే మానేశారు. చిన్నమెదడులో కణాలు సిగ్నల్స్ సరిగ్గా పంపట్లేదన్నారు డాక్టరుగారు. సిగ్నల్ అంటే కరెంటేనా? తాగినోళ్ళకీ నాన్నకీ ఒకేలా ఎందుకుంది?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఒకేలా ఎందుకుందంటే దెబ్బ తగిలింది ఒకే చోట, కదలికల్ని సరిచేసే చిన్నమెదడులో కాబట్టి. ఆ నవ్వేవాళ్ళకి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండమ్మా, మీ నాన్నగారు తలదించుకోవాల్సిన పనేం లేదు.

సిగ్నల్ కరెంటే, కాకపోతే తీగలో పారే రకం కాదు. న్యూరాన్, అంటే నాడీకణం, ఖాళీగా ఉన్నప్పుడు దాని లోపలివైపు బయటికంటే 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది, మనింట్లో ప్లగ్గుకి 230 వోల్టులు, దాని ముందు ఇదెంత చెప్పండి. సిగ్నల్ రాగానే కణం గోడలో సోడియం చానళ్ళు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఆ వెంటనే పొటాషియం బయటికి పోయి వోల్టేజ్ మళ్ళీ కిందికి దిగుతుంది, ఇదంతా కలిపి ఒక మిల్లీసెకను పని. దీన్ని స్పైక్ అంటారు. అది కణం నుంచి సాగిన పొడవాటి కొమ్మ (ఆక్సాన్) చివరికి చేరాక అక్కడ కాల్షియం చానళ్ళు తెరుచుకుంటాయి, చిన్న సంచుల్లోంచి రసాయనం బయటపడి సన్నటి సందు దాటి పక్క కణానికి తగులుతుంది, అక్కడ మళ్ళీ కరెంటు. ఆ సందు ఉన్న చోటే సినాప్స్.

చిన్నమెదడు పేరుకే చిన్న. మెదడు మొత్తంలో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లుంటే అందులో 6,900 కోట్ల దాకా ఇక్కడే ఉన్నాయి. కానీ నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఈ లెక్క కాదు, ఇక్కడుండే పుర్కింజే కణం. 1837లో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. ఒక్కో కణానికి లక్షకు పైగా సినాప్సులు, వాటి గుండా కాళ్ళు ఎక్కడున్నాయి, తల ఎటు తిరిగింది లాంటి సమాచారం వస్తూనే ఉంటుంది. ఈ కణం ఊరికే కూర్చోదు, మనం కదలకపోయినా సెకనుకి పదుల స్పైకులు కొడుతూనే ఉంటుంది. ఆ సినాప్సులు కాక క్లైంబింగ్ ఫైబర్ అని ఒకే ఒక్క తీగ దాన్ని చుట్టేసుకుని ఉంటుంది, అది సెకనుకి సుమారు ఒక్కసారి మాత్రమే మోగుతుంది, మోగిందంటే మాత్రం కణం నిండా కాల్షియం పొంగుతుంది. కదలిక తప్పినప్పుడు వచ్చే సిగ్నల్ ఇదేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ టైముకి పనిచేస్తున్న సినాప్సుల బలం తగ్గిపోతుంది, దీన్ని 1982లో జపాన్‌కి చెందిన మసావో ఇటో బృందం చూపించింది. అంటే ఇక్కడ నేర్చుకోవడం అనేది కొత్తవి చేర్చుకోవడం కన్నా తప్పు చేయించేవాటి గొంతు తగ్గించడమే ఎక్కువ.

ఒకటి చేసి చూడండి. ఈ పత్రికని కదలకుండా పట్టుకుని తల అటూ ఇటూ గబగబా ఊపుతూ చదవండి, అక్షరాలు కనిపిస్తాయి. ఇప్పుడు తల ఆపేసి పత్రికని అదే స్పీడులో ఊపండి, అంతా చెదిరిపోతుంది. తల కదిలితే కళ్ళని అంతే కొలతలో వెనక్కి తిప్పే ఏర్పాటుంది, ఆ కొలతని సరిచేసేది చిన్నమెదడే. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మొదట్లో తల తిరిగినట్టుండి తర్వాత సర్దుకోవడం కూడా దీని పనే.

మందు తాగితే గాబా అనే, పక్క కణాన్ని ఆపే రసాయనం పట్టు పెరుగుతుంది, చిన్నమెదడులో కొలతలు తప్పుతాయి, మత్తు దిగాక సర్దుకుంటాయి. మీ నాన్నగారి విషయంలో కణాలే దెబ్బతిని ఉండొచ్చు. వంశంలో వచ్చే అటాక్సియాలు, అంటే ఇలా తూలించే జబ్బులున్నాయి, మన దేశంలో ఎక్కువగా కనిపించేవాటిల్లో ఎస్‌సీఏ2 (స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా రెండో రకం) ఒకటి, అందుకే తాతగారికో మేనత్తలకో ఇలా ఉండేదా అని ఇంట్లో అడగండి. ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడుతున్నా డాక్టరుకి చెప్పండి, అది సోడియం చానళ్ళ మీద పనిచేసే మందు, మోతాదు ఎక్కువైతే ఇలాగే తూలిస్తుంది, కానీ మీరుగా ఆపేయకండి. థైరాయిడ్, బీ12 కూడా చూపించాలి, వీటికైతే వైద్యం ఉంది. ఫిజియోథెరపీ మాత్రం ఎలాగైనా మొదలెట్టండి. ఎవరికైనా ఉన్నట్టుండి తూలుడు, వాంతులు, తలనొప్పి కలిసి వస్తే అది స్ట్రోక్ కావచ్చు, అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రశ్న: సార్, పుర్కింజే కణం అవతలివాటిని ఆపే సిగ్నలే పంపుతుందని చదివాను. అన్నీ ఆపేస్తే చెయ్యి కదిలేదెట్లా? కరెంటు రసాయనం లేకుండా నేరుగా దాటే సినాప్సులుంటాయా?
– ఇంటర్ బైపీసీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మంచి ప్రశ్న బాబూ. పుర్కింజే కింద లోతులో కేంద్రకాలని కణాల గుంపులుంటాయి (కణంలో ఉండే కేంద్రకం కాదు), ఆ కణాలు వాటంతట అవే మోగుతూ ఉంటాయి, వాటికి వేరేచోట్ల నుంచి ఉత్తేజం కూడా అందుతుంది. పుర్కింజే ఎప్పుడు పట్టు సడలిస్తే అప్పుడు అవి పైకి లేస్తాయి, ఏ క్షణంలో ఎంత సడలించాలన్నదే కదలికకి టైమింగ్ ఇస్తుంది.

నేరుగా దాటేవీ ఉన్నాయి. క్లైంబింగ్ ఫైబర్లు బయల్దేరే ఇన్ఫీరియర్ ఆలివ్ అనే మెదడు కాండంలోని భాగంలో కణాలు గ్యాప్ జంక్షన్లతో, అంటే రెండు కణాల్ని కలిపే సన్నటి దారులతో, అతుక్కుని ఉంటాయి, ఒకదాని వోల్టేజ్ పక్కదానికి నేరుగా వెళ్తుంది కాబట్టి అవి కలిసి ఒకేసారి మోగగలవు. ఇంకో వింత, పుర్కింజేని ఆపే బాస్కెట్ కణాలని ఉన్నాయి, వాటి కొనలు పుర్కింజే ఆక్సాన్ మొదట్లో కుచ్చులా అల్లుకుని, రసాయనం పని మొదలుపెట్టే లోపే చుట్టూ ఉన్న వోల్టేజ్‌ని మార్చి దాన్ని ఆపేస్తాయి, దీన్ని 2014లో బ్లో, బార్బర్ అనే ఇద్దరు కొలిచి చూపించారు.