పులుసుకు ఏ గిన్నె, ఉప్పుగాలికి ఏ గ్రిల్లు?

ప్రశ్న: చేపల పులుసు మర్నాటికి రుచి అని సిల్వర్ గిన్నెలోనే ఉంచేస్తాం. ఇప్పుడు అడుగున సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి, లోపల నల్లబడింది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పులుసు మర్నాడే తినండి, ఆ గిన్నెలో మాత్రం ఉంచకండి. మనం సిల్వర్ అనేది అల్యూమినియమే. దానిమీద కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, గిన్నెకు రక్ష అదే. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ పొర బలహీనపడిన చోట తొలుస్తుంది. మీరు చూసిన గుంటలు అవే. ఉడికేటప్పుడు మొదలైన పని రాత్రంతా సాగుతూనే ఉంటుంది, పులుసుకు లోహపు కనరు పడుతుంది. మట్టి దాకలో వండితే ఈ బెడద లేదు. దాక లేకపోతే స్టీలు గిన్నెలో వండండి. సిల్వర్ గిన్నె తప్పనిసరైతే పొయ్యి మీంచి దించగానే పులుసు వేరే గిన్నెలోకి మార్చేయండి.

నలుపు గురించి భయం వద్దు. క్షారం ఎక్కువున్న బోరునీళ్లు మరిగితే అలా వస్తుంది. నీళ్లలో నిమ్మచెక్కలు వేసి పది నిమిషాలు మరిగించి పారబోయండి, తెల్లబడుతుంది. బట్టల సోడాతో మాత్రం తోమొద్దు. అల్యూమినియం పులుపుకే కాదు, క్షారానికీ కరుగుతుంది.

ప్రశ్న: అమ్మమ్మ నాటి ఇత్తడి గుండిగకు కళాయి వేయించాలి. పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మంచి పని చేస్తున్నారు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. పులుపు తగిలితే రెండూ వంటలో కలుస్తాయి, అందుకే లోపల తగరం పూత.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. ముందు గుండిగ లోపల చిలుము, జిడ్డు లేకుండా పచ్చగా మెరిసేదాకా తోమాలి. నిప్పు మీద వేడెక్కాక నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతారు, తెల్లటి పొగ లేస్తుంది. వేడికి అది విడిపోయి పుట్టే ఆమ్లపు ఆవిరి లోహం మీది ఆక్సైడ్‌ను తీసేస్తుంది. వెంటనే తగరం రాసి, దూదితో చుట్టూ తిప్పి రుద్దాలి. జిడ్డు మిగిలిన చోట తగరం అంటదు, నల్లమచ్చగా ఉండిపోతుంది. అలాంటి మచ్చ ఒక్కటి కనిపించినా మళ్లీ తోమించండి. ఆ పొగ పీల్చకుండా, గాలి పొగను తోసే వైపు నిలబడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం తగరం కడ్డీ. చౌకగా వస్తుందని సీసం కలిసిన టంకం కడ్డీ వాడితే, ఆ సీసం మీ పిల్లల అన్నంలోకి వస్తుంది. స్వచ్ఛమైన తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే కరకరమని సన్నటి శబ్దం వినిపిస్తుంది. సీసం పెరిగేకొద్దీ ఆ శబ్దం తగ్గుతుంది, కడ్డీతో కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. ఈ రెండూ మోటు పరీక్షలే. అనుమానముంటే కడ్డీ మీరే కొని ఇవ్వండి.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. ఖాళీ గుండిగను పొయ్యి మీద మరిచిపోతే పూత ముత్యాల్లా గుమిగూడుతుంది. అందుకే అందులో పోపు, వేపుడు వద్దు. చెక్క గరిటె వాడండి, కొబ్బరి పీచుతో తోమండి. లోపల పసుపు రంగు తేలినప్పుడు మళ్లీ కళాయి వేయించాలి.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఇల్లు. స్టెయిన్‌లెస్ అని పెట్టించిన గ్రిల్లుకు ఏడాదిలోనే గోధుమరంగు మచ్చలు. అయస్కాంతం అంటలేదు కాబట్టి మంచి స్టీలే కదా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: అయస్కాంతాన్ని నమ్మొద్దు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికి అది అంటదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన, తుప్పుకు త్వరగా లొంగే 202 రకానికీ అంటదు. బిల్లులో రకం సంఖ్య రాయించుకోండి.

పైగా తీరంలో 304 కూడా మచ్చలు పడుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 ఉప్పుగాలికి మెరుగ్గా నిలుస్తుంది. ధర ఎక్కువే, కానీ అలల మోత వినిపించే ఇంటికి అదే సరైనది. ఉన్న గ్రిల్లును వారానికోసారి మంచినీళ్లతో కడగండి. వాన తగలని సన్‌షేడ్ కింది భాగాన్ని మరీ శ్రద్ధగా కడగండి, ఉప్పు పేరుకునేది అక్కడే. ఇనుప పీచు వాడితే ఇనుప రజను అంటుకుని కొత్త తుప్పు మొదలవుతుంది. టైల్స్ కడిగే ఆమ్లం ఆవిరి కూడా గ్రిల్లుకు చేటు. వెల్డింగ్ దగ్గర నీలి ఛాయ ఉంటే పిక్లింగ్ పేస్టుతో (స్టీలును శుభ్రం చేసే ఆమ్లపు ముద్ద) తీయించండి. ఆ ఛాయ కింద క్రోమియం తగ్గి ఉంటుంది, మచ్చ ముందు అక్కడే పడుతుంది.

ప్రశ్న: వంటగట్టు మీద నిమ్మరసం పడితే కడప రాయికి మరకలు పడుతున్నాయి. గెలాక్సీ రాయికీ ఇంతేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కాదు. కడప రాయి సున్నపురాయి జాతి, ఆమ్లం దాన్ని తినేస్తుంది. మీరు మరక అనుకునేది నిజానికి పాలిష్ పోయిన చోటు. కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాలి. చీమకుర్తి గెలాక్సీని గ్రానైట్ పేరుతో అమ్ముతారు గానీ అది గాబ్రో అనే మరో అగ్నిశిల జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. నిమ్మరసానికి ఆ రాయి మెరుపు పోదు. కొనేముందు దూదికి అసిటోన్ అద్ది ఓ మూల రుద్దండి. దూది నల్లబడితే రంగు పూసిన పలక.