టెక్ సందేహాలు: ఆగి ఉన్న కారు కూడా కరెంటు తింటుంది

నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అడిగారు: "నవంబరులో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి మేలో తిరిగి వస్తాం. మాది మూడేళ్ల పెట్రోలు కారు. పోయినసారి నెలన్నర ఊళ్లో లేకపోతేనే బ్యాటరీ డౌన్ అయిపోయింది. ఈసారి పక్కింటబ్బాయికి తాళం ఇచ్చి, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమంటే సరిపోతుందా?"

సరిపోదు మాస్టారూ. ఈ ఐదు నిమిషాల చిట్కా మన వీధుల్లో అందరూ చెప్పేదే కానీ, లెక్క కడితే నిలవదు. మీరే లెక్కల మాస్టారైతే ఇంకా మంచిది, ఒక్కసారి నాతో పాటు వేయండి.

తాళం వేసేశాక కూడా కారులో కొన్ని మెలకువగానే ఉంటాయి. రిమోట్ సిగ్నల్ కోసం కాచుకునే సెంట్రల్ లాకింగ్, దొంగల అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకం... అన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగడం మామూలే. 40 అనుకుందాం. ఇరవై నాలుగు గంటలకు దాదాపు 1 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియరు చొప్పున గంటసేపు లాగితే ఖర్చయ్యే చార్జింగ్). చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. అంటే రెండున్నర వారాల్లో సగం ఖాళీ. మూడేళ్లు వాడిన బ్యాటరీకి కొత్తప్పటి సత్తువ ఉండదు కాబట్టి ఇంకా ముందే.

ఇప్పుడు పక్కింటబ్బాయి సంగతి. వారంలో పోయింది 7 ఆంపియర్-అవర్లు. అతను స్టార్ట్ చేసి నిలబెట్టిన ఐదు నిమిషాల్లో బ్యాటరీలోకి 10 ఆంపియర్ల చొప్పున ఎక్కిందనుకున్నా, మొత్తం కలిపి 1 కూడా కాదు. కుర్రాడు ఏసీ, పాటలు పెట్టుకుని కూర్చుంటే అదీ అనుమానమే. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తుంటే సైలెన్సర్‌లో, ఆయిల్‌లో తేమ చేరుతుంది. పది రోజులకోసారి మైపాడు దాకా నడిపి తీసుకొస్తానంటే మాత్రం తాళం ఇవ్వండి. రోడ్డు మీద ఓ గంట తిరిగితే బ్యాటరీకి ఎంతో కొంత చేరుతుంది, టైర్లు కూడా ఒకేచోట నొక్కుకుపోకుండా ఉంటాయి. ఇచ్చే ముందు లైసెన్సు, ఇన్సూరెన్సు చూసుకోండి.

ఆరు నెలలకు నేను చెప్పేది వేరే. వెళ్లే ముందు బ్యాటరీ షాపులో ఫుల్ చార్జింగ్ పెట్టించి, మైనస్ టెర్మినల్ ఊడదీయండి. చాలా కార్లకు 10 నంబరు స్పానర్ చాలు. తీసేటప్పుడు మైనస్ మాత్రమే ముట్టుకోండి. ప్లస్ నట్టు మీద స్పానర్ ఉండగా అది బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఊడదీసిన వైరుకు గుడ్డ చుట్టి పక్కకు వంచి పెట్టండి. ఆ తర్వాత రిమోట్ పనిచేయదు. మిగతా డోర్లు లోపలి నాబ్‌తో, డ్రైవర్ డోరు తాళం చెవితో వేసుకోవాలి. బటన్ స్టార్ట్ కార్లలో ఆ చెవి రిమోట్ లోపలే దాగి ఉంటుంది, ముందే తీసి ఒకసారి తిప్పి చూసుకోండి. తిరిగొచ్చి కనెక్షన్ ఇచ్చాక గడియారం సరిచేసుకోవాలి. స్టీరియో కోడ్ అడిగే రకమైతే ఆ కోడ్ ముందే రాసిపెట్టుకోండి.

అయినా ఆరు నెలలూ నిశ్చింత అనుకోవద్దు. ఏ వైరూ లేకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీ తనలో తాను కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది, ఎండ పెరిగే కొద్దీ ఇంకా వేగంగా. నెల్లూరు ఏప్రిల్ సంగతి మీకు చెప్పాలా! చార్జింగ్ తగ్గిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత బలం రాదు. అందుకే మధ్యలో ఒకటి రెండుసార్లు ఎవరితోనైనా చార్జింగ్ పెట్టించండి.

కారు ఇంటి గ్యారేజీలోనే ఉండి, చూసే మనిషి కూడా ఉంటే స్మార్ట్ చార్జర్ ఇంకా మేలు. బ్యాటరీ నిండగానే తనే తగ్గించుకుని, ఆ మట్టం దిగిపోకుండా కాపు కాస్తుంది. కొనేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలవుతుందా, లేక బటన్ నొక్కాలా? తుపాను రోజుల్లో మనకు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆటో కటాఫ్ లేని, అంటే నిండగానే తనే ఆగిపోని చవక చార్జర్‌ను మాత్రం నెలల తరబడి తగిలించి ఉంచొద్దు, లోపలి నీళ్లు ఇగిరిపోతాయి.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక నవంబరులో ముసురు పట్టి నాలుగు రోజులు కారు తీయలేదు. ఐదో రోజు సెల్ఫ్ కొడితే టకటకమని శబ్దం తప్ప ఏమీ లేదు. మెకానిక్ వచ్చి మీటర్ పెట్టాడు: 11.7 వోల్టులు. (బండి కాసేపు ఆగి ఉన్నాక 12.6 చూపిస్తే ఫుల్ అని, 12.2 అంటే సగం అని గుర్తు.) "బ్యాటరీ కొత్తదే గదా, ఏంది సార్ ఇది?" అంటూ కారు చుట్టూ ఓ రౌండు కొట్టి, డిక్కీ మీద చెయ్యి వేసి నొక్కాడు. క్లిక్‌మంది. నేను బియ్యం మూట దించి డిక్కీ సరిగా వేయలేదన్నమాట. మళ్లీ ఎత్తి లోపలి బల్బు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు, అంత వేడిగా ఉంది. 5 వాట్ల బల్బు రోజుకు 10 ఆంపియర్-అవర్లు తాగేస్తుంది. నాలుగు రోజులు ఎక్కువే.

ఒంగోలు నుంచి ఇంటి నుంచే పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని: "కారు ఆదివారాలే తీస్తాను. డాష్‌క్యామ్ పెట్టించినప్పటి నుంచి రెండుసార్లు బ్యాటరీ డౌన్. ఫాస్టాగ్ వల్ల కూడా అవుతుందా?"

ఫాస్టాగ్‌కు కారు బ్యాటరీతో సంబంధమే లేదమ్మా. టోల్‌గేట్ రీడర్ నుంచి వచ్చే తరంగాలతోనే అది పనిచేస్తుంది. దొంగ డాష్‌క్యామే. పార్కింగ్ మోడ్‌లో (కారు ఆగి ఉన్నా రికార్డు చేస్తూ) 250 మిల్లీ ఆంపియర్లు లాగే కెమెరా రోజుకు 6 ఆంపియర్-అవర్లు తింటుంది. ఆదివారం కొత్తపట్నం బీచ్‌కు వెళ్లొచ్చి నింపిన చార్జింగ్ గురువారానికి గోవిందా. వైరింగ్ కిట్‌లో వోల్టేజ్ కటాఫ్ ఉంటే 12.4 వోల్టులకు పెట్టండి, అంతకంటే తగ్గగానే కెమెరా ఆగిపోతుంది. కారు ఇంటి గేటు లోపలే ఉంటే పార్కింగ్ మోడ్ ఆపేయడమే నయం. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టిందేమో కూడా చూడండి. అది ఉంటే చార్జింగ్ సరిగా ఎక్కదు. వైర్లు తీసి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ రాస్తే చాలు.

కావలి నుంచి ఒకరు: "ఎలక్ట్రిక్ కారుకు ఈ బాధ ఉండదు కదా?"

ఉంటుందండీ, అదే విచిత్రం. డోర్లు, తెర, కంప్యూటర్లు నడవాలంటే అందులోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉండాలి. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ 80 శాతం ఉన్నా కారు కదలదు. ఆగి ఉన్నప్పుడు పెద్దది చిన్నదాన్ని తనంతట తాను చార్జ్ చేస్తుందో లేదో మోడల్‌ను బట్టి ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. వారాల తరబడి వదిలేసేటప్పుడు పెద్ద బ్యాటరీని నిండుగా కాకుండా 50 శాతం దరిదాపుల్లో ఉంచండి.

చివరగా, కిక్ రాడ్ లేని స్కూటర్ పది రోజులకే మొరాయిస్తోందని ఆత్మకూరు నుంచి ఒక దుకాణదారు. కొత్త స్కూటర్లలో పెట్రోలు పంపుకు కూడా కరెంటే కావాలి, సీటు కింద ఉండేదేమో 4, 5 ఆంపియర్-అవర్ల బుల్లి బ్యాటరీ. చార్జింగ్ పెట్టిస్తే అర ఆంపియరుకు మించకుండా పెట్టమని చెప్పండి. కారు చార్జర్ తగిలించి గంటలో ఇచ్చేస్తానన్న షాపు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.